కుప్పంలో మైకు ఆగిపోయిన రోజు

కొత్తగా నర్సులుగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ వాళ్లు అడిగేది దాదాపు ఒకటే. "మేడమ్, బళ్లకు పోయి పొగాకు గురించి చెప్పి రమ్మంటాండారు. పిల్లకాయలు ఇనరు. ఎట్ల చెప్పాల?" ఇన్నేళ్లు అదే పని చేసినదాన్ని కాబట్టి నా దగ్గర ఏదో కిటుకు ఉంటుందని వాళ్ల ఆశ. కిటుకేమీ లేదు. కుప్పం దగ్గర ఒక బడిలో ఒక రోజు జరిగింది మాత్రం ఉంది. ఎన్నిసార్లు చెప్పినా ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉంటుంది. అయినా మీ కోసం మళ్లీ చెబుతాను.

నేను మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో పనిచేశాను. రిటైరయ్యే ముందు కొన్నేళ్లు వార్డు డ్యూటీ తగ్గించి బయటి ఊళ్ల పని ఇచ్చారు. జీపులో ముగ్గురం తిరిగేవాళ్లం. నేను, పళ్ల డాక్టరమ్మ, డ్రైవరు. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, నన్ను అక్కా అనేది. జీపు కదిలే ముందు మేమిద్దరం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాళ్లం. డ్రైవరు ఆమెన్ దాకా ఓపిగ్గా ఆగి, తర్వాత తన దేవుడికి స్టీరింగు మీద చేతులు పెట్టి దండం పెట్టుకునేవాడు. అందరి దేవుళ్లూ ఎక్కాక బండి బయల్దేరేది.

బడిలో మా పాఠం బొమ్మలతో. పుండుపడిన నాలుకలు, నల్లబడిన ఊపిరితిత్తులు, తెరుచుకోని దవడలు. ముందు కూర్చున్న పిల్లలు కళ్లు మూసుకునేవాళ్లు. వెనక ఉన్నవాళ్లు మెడలు సాచి ఇంకా చూపించమనేవాళ్లు. పాఠం అయిపోయి మేం గేటు దాటేలోపే ఎదురుగా ఉన్న అంగడిలో గుట్కా పొట్లాలు తెగుతుండేవి. "మనం పులి వస్తాందని చెప్తాండాం, వాళ్లు జూకు వచ్చినట్టు చూస్తాండారక్కా," అని డాక్టరమ్మ విసుక్కునేది.

ఆ రోజుల్లోనే ఒక పెద్దాయన మాకు దొరికాడు.

ఆయనది మదనపల్లె టమోటా మండీలో వేలం పాడే పని. మీలో మండీ చూడనివాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. తెల్లవారేసరికి యార్డు నిండా క్రేట్లు. వాటి మధ్య ఎక్కడెక్కడి వ్యాపారులో. లారీల హారన్లు, కూలీల కేకలు. ఆ రొదలో ఒక మనిషి క్రేటు మీద నిలబడి ధర పాడాలి. తెలుగులో మొదలుపెట్టి, అరవం వాళ్ల కోసం అరవంలో, కన్నడం వాళ్ల కోసం కన్నడంలో, దూరం నుంచి వచ్చినవాళ్ల కోసం వచ్చీ రాని హిందీలో. గొంతే ఆయన కూడు. మండీ గోడ అవతల టీకొట్టులో కూర్చున్నవాళ్లకు కూడా ఆయన పాట వినబడేదని మా డ్రైవరు చెప్పేవాడు. పాటకీ పాటకీ మధ్య ఒక బీడీ.

గొంతు బొంగురుపోయినప్పుడు అరిచి అరిచి అలా అయిందనుకున్నాడట. అన్నం మింగుడుపడనప్పుడు కూడా ఎవరికీ చెప్పలేదు. చివరికి వేలూరులో ఆపరేషన్ చేసి గొంతులోని స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద, ఎముకల గుంట దగ్గర రూపాయి బిళ్లంత రంధ్రం పెట్టారు. ఇక ఊపిరి అందులోంచే. ముక్కుకూ నోటికీ ఊపిరితో సంబంధం లేదు. ఆ రంధ్రం శుభ్రం చేయించుకోవడానికి మా ఆసుపత్రికి వచ్చేవాడు. మెడకు పల్చటి తెల్లగుడ్డ కట్టుకుని, బెంచీ చివర కూర్చుని, అడిగినదానికి తల ఊపేవాడు, అంతే.

ఒకరోజు గుడ్డ మారుస్తుంటే ఆయన గుటక వేసినట్టు చేసి, తేన్పులాంటి శబ్దంతో "నీల్లు," అన్నాడు. నేను గిన్నె జారవిడిచాను. గాలి మింగి, దాన్ని తేన్పులా పైకి తెచ్చి, పెదాలతో నాలుకతో మాట చేయడం కొందరికి నేర్పిస్తారని చదివాను కానీ, ఎదురుగా వినడం అదే మొదలు. వేలూరులో నేర్పించారట. ఇంటికొచ్చి నెలల తరబడి ఆవుల పాకలో ఎవరూ లేనప్పుడు సాధన చేశాడట. ఒక గుటకకు రెండు మాటలు, మహా అయితే మూడు. మళ్లీ గుటక. ఒకప్పుడు మండీ మొత్తాన్ని నిలబెట్టిన మనిషి, నీళ్లు అడగడానికి అంత కష్టపడ్డాడు. అడగగలిగాడు కూడా.

బళ్లకు వస్తావా అప్పా అని అడిగింది డాక్టరమ్మే. ఆయన గుటక వేసి, "మండీ పిల్లోళ్లు..." అన్నాడు. మళ్లీ గుటక. "నా బీడీతోనే... అంటించుకునేటోళ్లు." వస్తానని తల ఊపాడు.

ఆయన భార్యకు ఇష్టం లేదు. మేం ఇంటికి వెళ్లినప్పుడు మంచినీళ్లు ఇచ్చింది, కూర్చోమంది, కానీ మాట మాత్రం కటువుగానే అంది. "మాయన గొంతు ఈ ఊరంతా ఇన్నిందమ్మా. ఇప్పుడీ గొంతు యాల ఇనిపించాల అందరికీ? నలుగురిలో నిలబెట్టి ఆడిస్తారా?"

పెద్దాయన ఆమె భుజం మీద చెయ్యి వేసి చొక్కా తొడుక్కున్నాడు.

మొదట మదనపల్లెలోనే రెండు బళ్లు. పిల్లలు కొంచెం భయపడ్డారు, కొంచెం విన్నారు. మూడోది పుంగనూరులో. హాలు నిండా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. మైకు గట్టిగా పెట్టారు. ఆయన గుటక వేసి మొదటి మాట అనగానే ఆ తేన్పు శబ్దం హాలంతా మోగింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఒక మూల నుంచి అచ్చం అలాంటి తేన్పే వచ్చింది. ఆ తర్వాత హాలంతా తేన్పులే. ఒక టీచరు బెత్తం పట్టుకుని లేచాడు. పెద్దాయన వద్దని చెయ్యి అడ్డం పెట్టి, మైకు నా చేతికిచ్చి, మెట్లు దిగి జీపులో కూర్చున్నాడు. నేను బొమ్మలు చూపించి పాఠం ముగించాను. ఏం చెప్పానో నాకే తెలియదు.

తిరిగి వస్తుంటే డాక్టరమ్మ ఏడుపు ఆపుకుంటూ, "సారీ అప్పా," అంది.

"పిల్లకాయలు కదా," అన్నాడాయన. మళ్లీ గుటక వేసి, "నవ్వుకోనీలే."

కానీ ఆ తర్వాత ఆయన బళ్లకు రాలేదు. గుడ్డ మార్పించుకోవడానికి వచ్చినా మాట్లాడలేదు. తల ఊపడమే. మేమూ అడగలేదు. కుప్పం దగ్గరి బడికి ముందే మాట ఇచ్చి ఉన్నాం కాబట్టి, బొమ్మల డబ్బా సర్దుకుని ఒక ఉదయం బయల్దేరబోతున్నాం. చూస్తే ఆసుపత్రి గేటు దగ్గర పెద్దాయన. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా, మెడకు ఇస్త్రీ చేసిన గుడ్డ. ఆ ఇస్త్రీ ఎవరు చేసి ఉంటారో చూడగానే అర్థమైంది.

డ్రైవరు ఆశ్చర్యంగా, "ఏమప్పా, మల్లా వస్తాండావే?" అన్నాడు.

పెద్దాయన ఎక్కి కూర్చుని, తీరిగ్గా గుటక వేసి, "కుప్పం... ఎప్పుడూ... సూళ్లేదు," అన్నాడు.

కుప్పం వెళ్లే దారి మీకు తెలుసు కదా. పుంగనూరు, పలమనేరు దాటాక మాటే మారిపోతుంది. ఒకే అంగడిలో తెలుగు, అరవం, కన్నడం మూడూ వినబడతాయి. ఆ బడిలో కూడా అంతే. ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలు, కన్నడం మాట్లాడే పిల్లలు, తెలుగు పిల్లలు కలిసే కూర్చుంటారు. మేం వెళ్లేసరికి హెడ్మాస్టరు బడి మొత్తాన్ని ఆవరణలో, బిల్డింగు నీడలో కూర్చోబెట్టి ఉన్నాడు. ఆరో తరగతి పిల్లలు ముందు, పదో తరగతి వెనక, బారుగా వరుసలు. ఆ వరుసల వెనకే వంటపాక. వంటామె పెద్ద డేగిసాలో అన్నం ఉడికిస్తోంది.

పెద్దాయన వరండాలో పెట్టిన మైకు ముందు నిలబడ్డాడు. గుటక వేశాడు. "నేను..." అన్నాడు. అంతే, కరెంటు పోయింది.

ఎవరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పరుగెత్తారు. లైను మరమ్మతు, సాయంత్రం దాకా రాదన్న కబురు తెచ్చారు. హెడ్మాస్టరు నొచ్చుకుంటూ, "ఇంకోదినం పెట్టుకుందామా సిస్టరమ్మా? ఆయన మాట రెండు వరసలు గూడా దాటదే," అన్నాడు. నాకు లోపల హాయిగా అనిపించింది. ఇంకో పుంగనూరు తప్పింది అనుకున్నాను.

పెద్దాయన అదేమీ వినలేదు. వరండా మెట్లు దిగి, మొదటి వరుస ముందుకు పోయి, పిల్లలకు ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మెడ గుడ్డ విప్పి పక్కన పెట్టాడు. ఆ రంధ్రం చూసి ముందున్న పిల్లలు వెనక్కి జరిగారు. ఊపిరి పీల్చినప్పుడల్లా అది కదలడం చూసి మళ్లీ ముందుకు వంగారు.

"నేను... మండీలో... పాట పాడేటోణ్ణి."

మొదటి వరుసలో రెండు జడల పిల్ల ఒకతె ఉంది. వెనక పిల్ల ఆమె జడ లాగి, "ఏమంటాండాడే?" అని అడిగింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి, "నేను మండీలో పాట పాడేటోణ్ణి," అంది. విన్న మాట విన్నట్టే. వెనక పిల్ల తన వెనక ఉన్నవాళ్లకు చెప్పింది. పక్క వరుసలూ అందుకున్నాయి. ఎవరూ చెప్పమనలేదు. టీచర్లు నిశ్శబ్దం అని అరవబోతే, పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. ఆయన తల పైకెత్తి, ఆ మాట పోతున్న వైపే చూస్తున్నాడు. ఆఖరి వరుసకు చేరేదాకా ఆగాడు. చేరాక గుటక వేశాడు.

"బీడీ... మొదలుపెట్టినప్పుడు... నాకు మీ వయసే."

మాట వరుస దాటింది. ఇంకో వరుస దాటింది. మధ్యలో ఎక్కడో అది అరవం అయింది. "బీడి కుడిచ్చేన్," అని ఒక పిల్ల పక్కపిల్లకు చెప్పడం విన్నాను. ఇంకాస్త దూరంలో కన్నడం. నేను మొదట్లో భయపడ్డాను. ఇన్ని నోళ్లు దాటి మాట వంకరపోతుంది, చివర ఎవరో నవ్వుతారు, ఆ నవ్వు ముందుకు వస్తుంది అనుకున్నాను. అలా జరగలేదు. ఆయనకు ఒక గుటకకు రెండు మాటలే వస్తాయి కాబట్టి, పిల్లలకు మోయడానికి రెండు మాటలే. జాగ్రత్తగా, ఒలికిపోతుందేమో అన్నట్టు మోశారు.

"స్నేహితుడు ఇచ్చినాడు. వద్దంటే... నవ్వుతాడని... తాగినా."

"గొంతు పోయింది. ఎవరికీ... చెప్పలా."

"అన్నం దిగలా. అప్పుడూ... చెప్పలా."

ఒక సంగతి నాకు అప్పుడు తట్టింది. చెప్పే ప్రతి పిల్లా "నేను" అంటోంది. ఆయన అలా అంటున్నాడని ఎవరూ అనడం లేదు. "నా గొంతు తీసేసినారు," అని ఆరో తరగతి పిల్ల, తన గొంతు మీద వేలు పెట్టుకుని, వెనకవాళ్లకు చెబుతోంది. అది విన్న పిల్లవాడు తన గొంతు తడుముకుని, "నా గొంతు తీసేసినారు," అంటున్నాడు. బడి బడంతా, ఒక్కొక్కరుగా, ఆ మనిషి అయిపోయి ఆ మాట అంటోంది. మాటకీ మాటకీ మధ్య వంటపాకలో కట్టె చిటపటలు తప్ప ఇంకేమీ లేదు. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను ఎన్నో ప్రసవాలు చూశాను, మరణాలూ చూశాను. ఆ ఆవరణలో నిలబడినంత భక్తిగా నేను ఇంకెక్కడా నిలబడలేదు. మా చర్చిలో కూడా నిలబడలేదంటే మా పాస్టరుగారు క్షమించాలి.

"ముక్కుకు... గాలి రాదు. పూల వాసన... తెలీదు."

ఆ మాట వెళ్లింది.

"అన్నం... ఉడికే వాసన... తెలీదు."

ఆఖరి వరుసలో పదో తరగతి అమ్మాయిలు. ఆ మాట వాళ్ల దగ్గరికి చేరింది. వాళ్ల వెనక ఇక వరుస లేదు. ఒకమ్మాయి వెనక్కి తిరిగింది. వంటపాక గుమ్మంలో గరిటె పట్టుకుని వంటామె నిలబడి ఉంది. ఆ అమ్మాయి తడుముకోకుండా ఆమెకే చెప్పింది. "అన్నం ఉడికే వాసన తెలీదంట... కాదు... నాకు తెలీదు." ఆ తర్వాత ప్రతి మాటా చివరకు ఆమె దగ్గరికే పోయింది.

పెద్దాయన అలిసిపోయాడు. చొక్కా చెమటతో తడిసింది. చివరగా అన్నాడు.

"నోట్లో పుండు వస్తే... దాచిపెట్టొద్దు."

"నేను... దాసినా."

ఆ రెండు మాటలూ వెళ్లి చేరేదాకా చూసి, గుడ్డ తీసి మెడకు కట్టుకున్నాడు. చప్పట్లు లేవు. హెడ్మాస్టరు వందన సమర్పణ మర్చిపోయాడు. పిల్లలు లేచి ఆయన చుట్టూ చేరారు. ఒకడు నీళ్ల బాటిలు ఇచ్చాడు. ఇంకో చిన్నపిల్ల, "తాతా, నొప్పి పెడతాందా?" అని అడిగింది.

మేం జీపు దగ్గరికి వస్తుంటే వంటామె మా వెనకే వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నడుముకు వక్కా, ఆకూ, పొగాకూ పెట్టుకునే వక్కాకు సంచి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, డాక్టరమ్మను ఒక పక్కకు పిలిచింది.

"అమ్మా, ఒక తూరి సూస్తావా?"

"ఏందక్కా?"

ఆమె నోరు తెరిచింది. డాక్టరమ్మ టార్చి వేసి, నాలుకను పక్కకు జరిపి చూసింది. డాక్టరమ్మ ముఖం చూసి నాకు సంగతి అర్థమైపోయింది. నాలుక అంచున, కిందివైపు, గట్టిపడిన పుండు.

"ఎన్ని దినాలనుంచి?"

"తెలీదమ్మా. పొగాకు ఆ పక్కనే పెట్టుకుంటా కదా, దాంతో ఒరుసుకుంటాందిలే అనుకున్నా. ఎవురికైనా చెప్తే వంట మాన్పిస్తారని భయం." ఆమె పిల్లలవైపు చూసింది. "ఆ పాప వచ్చి 'నేను దాసినా' అని నా మొగం మీదే చెప్పింది. నాకేనేమో అనుకున్నా."

డాక్టరమ్మ ఆమె వక్కాకు సంచి అడిగి తీసుకుంది. మరుసటి వారం ఆమెను మదనపల్లెకు రప్పించాం. పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే, భయపడినదే వచ్చింది. కానీ ఇంకా ముదరలేదు. వేలూరులో నాలుక అంచు కొంచెం తీసేసి సరిపెట్టారు. కోలుకోవడానికి మా ఆసుపత్రిలోనే కొన్నాళ్లు ఉంది. నోరు తెరవలేక, మాట్లాడలేక మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. పెద్దాయన మధ్యాహ్నాలు వచ్చి పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఒకరోజు నేను సెలైన్ మారుస్తుంటే, "వస్తాదమ్మా... మాట వస్తాది... తొందర పడొద్దు," అని చెబుతున్నాడు. పక్కనే ఆయన భార్య స్టీలు డబ్బాలో రాగి గంజి పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, కొంచెం మొహమాటంగా, "ఇంట్లో పలచగా కాసుకొచ్చినాలేమ్మా," అంది.

తర్వాతి కథ కూడా మీరు వినాలి, ఎందుకంటే మీకు కిటుకు కావాలి కదా. ఈ సంగతి తెలిశాక మా పైవాళ్లకు ఉత్సాహం వచ్చింది. ఇక ప్రతి బడిలో పిల్లల్ని ఇలాగే వరుసల్లో కూర్చోబెట్టి మాట అందించమనండి అన్నారు. నేనూ సరేనన్నాను. ఒక బడిలో చేయించాం. పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పారు. మూడో వరుస దగ్గరే నిద్ర మొదలైంది. పెద్దాయన నావైపు చూసి నవ్వాడు. నేను ఆ పద్ధతిని అక్కడే వదిలేశాను. ఆయన మాత్రం వదల్లేదు. మళ్లీ పుంగనూరు పోదామని ఆయనే అడిగాడు. మైకు వద్దని చెప్పి, ఒక్కో తరగతి గదిలోకీ పోయి, పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని మాట్లాడాడు. ఎవరూ నవ్వలేదని చెప్పను. నవ్వారు. నవ్విన తర్వాత విన్నారు.

అందరూ మారిపోయారా అంటే, అలాంటి మాట నేను చెప్పలేను. ఆ కుప్పం బడి ఎదురుగా అంగడి ఇంకా ఉంది. కానీ ఆ ఆవరణలో నేను చూసింది నిజం. చెప్పవలసిన మనిషి చెప్పినప్పుడు, చిన్నపిల్లలు దాన్ని ఎంత దూరం మోయగలరో చూశాను. అంత బరువు మోయగలరని నేను వాళ్లకు పాఠం చెప్పినన్నాళ్లూ అనుకోలేదు.

ఆ మరుసటి ఏడాది, బళ్లు తెరిచాక, పెద్దాయనతో కలిసి మళ్లీ కుప్పం వెళ్లాను. మధ్యాహ్నం అయింది. వంటామె పాకలోంచి బయటికి వచ్చి, కొంగు నడుముకు దోపుకుని, తరగతి గదులవైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"అన్నానికి రాండ్రా! రాండమ్మా!"

'ర' కొంచెం జారింది. ఆపరేషన్ తర్వాత ఆమెకు ఆ అక్షరం అలాగే ఉండిపోయింది. పిల్లలు పళ్లేలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. దూరంగా, ముళ్ల కంచె దగ్గర ఆడుకుంటున్న నలుగురు కూడా ఆట ఆపి తిరిగి చూసి, వచ్చేశారు. పెద్దాయన వాళ్లు రావడాన్నే చూస్తూ నిలబడ్డాడు. గుటక వేసి, నాతో అన్నాడు.

"కంచె దాకా... ఇనబడింది."

తర్వాత మేం కూడా పోయి పిల్లల వరుసలో కూర్చున్నాం. ఆమె వచ్చి ముందు ఆయనకే వడ్డించింది.